కాజీపల్లి అడవికి గేటు సరే, తాళం ఎవరి చేతిలో?

2020 సెప్టెంబర్ 7న సినీనటుడు ప్రభాస్ కాజీపల్లి రిజర్వు ఫారెస్టును దత్తత తీసుకున్నారు. అప్పటి ఎంపీ జోగినపల్లి సంతోష్ కుమార్ నడిపిన గ్రీన్ ఇండియా ఛాలెంజ్‌లో భాగంగా ఇది జరిగింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, దుండిగల్‌కు దగ్గరగా ఉన్న ఈ అడవి విస్తీర్ణం 1,650 ఎకరాలు. అర్బన్ ఫారెస్ట్ పార్కు కోసం ఆయన 2 కోట్ల రూపాయలు ఇచ్చారు, అవసరమైతే ఇంకా ఇస్తానన్నారు. పార్కుకు ఆయన తండ్రి సూర్యనారాయణ రాజు పేరు పెట్టాలని నిర్ణయించారు. అప్పటి అటవీశాఖ మంత్రి ఇంద్రకరణ్ రెడ్డి శంకుస్థాపనలో పాల్గొన్నారు. పార్కు గేటు, బయటి నుంచి లోపలికి కనిపించే ప్రహరీ, వాకింగ్ ట్రాక్, వ్యూ పాయింట్, ఔషధ మొక్కల కేంద్రం వస్తాయని చెప్పారు. అడవిలో కొంత భాగమే పార్కు, మిగతాదంతా కంచె వేసి కాపాడే ప్రాంతం.

తెలుగు పత్రికల్లో కాజీపల్లి పేరు అంతగా కనిపించింది ఆ వారమే. కానీ శాస్త్రవేత్తలకు ఈ పేరు అంతకు ముందే తెలుసు. స్వీడన్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం కాజీపల్లి చెరువు గురించే. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరిన ఆ చెరువు బురదలో, యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు పెద్ద సంఖ్యలో ఉన్నాయని అందులో తేల్చారు. అంటే ఒకే ఊరి పేరు మీద రెండు కథలున్నాయి. ఒకటి సెలబ్రిటీ దత్తత తీసుకున్న పచ్చటి అడవి కథ. రెండోది ఎవరూ దత్తత తీసుకోని చెరువు కథ.

ఈ రెండింటినీ కలిపి చదివితే తప్ప అసలు ప్రశ్న మనకు కనపడదు. పార్కు మంచిదా చెడ్డదా అన్నది ఆ ప్రశ్న కాదు. అడవిని కాపాడాలా వద్దా అన్నదీ కాదు. ప్రజల భూమికి ఒకరి పేరు, ఒక కంచె, ఒక గేటు వచ్చాక, ఆ గేటు దగ్గర "ప్రజలు" అనే మాటకు అర్థం ఎవరు చెబుతారు? అదీ ప్రశ్న.

దత్తత లెక్క

ముందు మాట దగ్గర ఆగుదాం. పిల్లల్ని దత్తత తీసుకుంటే ఇంటి పేరు మారుతుంది, వారసత్వం మారుతుంది. అడవి దత్తతలో చట్టం ప్రకారం అలాంటిదేమీ జరగదు. భూమి ప్రభుత్వానిదే, అధికారం అటవీశాఖదే. దాత ఇచ్చేది డబ్బు, పొందేది పేరు. కాబట్టి ఎవరైనా "ప్రభాస్ 1,650 ఎకరాలు తీసుకున్నాడు" అని రాస్తే అది తప్పు. ఆయన తీసుకున్నది భూమి కాదు.

లెక్క చూద్దాం. 2 కోట్లను 1,650 ఎకరాలతో భాగిస్తే ఎకరానికి సుమారు 12 వేల రూపాయలు. ఇదే పద్ధతిలో 2022లో నాగార్జున చెంగిచర్ల దగ్గర 1,080 ఎకరాల అడవికి 2 కోట్లు ఇచ్చారు, అక్కడి పార్కుకు అక్కినేని నాగేశ్వరరావు పేరు. అది ఎకరానికి సుమారు 18,500. గుమ్మడిదల మండలంలో మంబాపూర్–నల్లవల్లి అడవి 2,543 ఎకరాలను హెటిరో సంస్థ 5 కోట్లతో దత్తత తీసుకుంది. ఎకరానికి దాదాపు 19,700. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం కోట్లలో పలుకుతున్న కాలమిది.

ఇది దాతల్ని తక్కువ చేయడానికి వేసిన లెక్క కాదు. సొంత డబ్బు ఇచ్చిన మనిషిని తప్పుపట్టాల్సిన పని లేదు. చూడాల్సింది ఇంకొకటి. ఆ అడవి 1,650 ఎకరాలుగా ఇంతకాలం నిలబడటానికి పెట్టుబడి ఎవరిది? రిజర్వు ఫారెస్టుగా ప్రకటించి దశాబ్దాలుగా బీట్ గార్డుల జీతాలు కట్టిన ప్రజాధనానిది. ఆ ప్రకటనతో మేత, కట్టె మీద హక్కు పోగొట్టుకున్న చుట్టుపక్కల ఊళ్ల పేదలది. ఈ వాటాదారుల పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. చివరన వచ్చిన ఎకరానికి 12 వేల వాటాకు మాత్రం గేటు మీద పేరు వస్తుంది.

పేరు చిన్న విషయమని అనుకోవద్దు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. ఈ దేశంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు దామోదరం సంజీవయ్య పేరు అది. పదవిలో ఉండి పేదలకు బంజరు భూములు పంచిన పాలకుడిగా ఆయన్ను గుర్తుపెట్టుకుంటాం. ప్రజా జీవితంలో చేసిన పనికి ప్రజలు ఇచ్చిన పేరు అది. దానికీ, డబ్బు కట్టినందుకు వచ్చే పేరుకూ తేడా ఉంది. మొదటిదాన్ని చదివినవాడు ఇది మనది అనుకుంటాడు. రెండోదాన్ని చదివినవాడు ఇది వాళ్లది, మనల్ని రానిస్తున్నారు అనుకుంటాడు. హక్కు దయగా మారేది అక్కడే.

కంచె ఎందుకు అడుగుతున్నారు?

ఎదుటి వాదనను నిజాయితీగా వినాలి. కంచె లేకపోతే ఏమవుతుంది? హైదరాబాద్ చుట్టూ చెరువు శిఖాలు, కంచలు, పోరంబోకులు ఏమయ్యాయో మనకు తెలుసు. ముందు మట్టి కుప్పలు, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత వెంచర్ బోర్డు. పటాన్‌చెరు పట్టీలో దీనికి తోడు ఇంకో బెడద ఉంది. రాత్రిపూట ట్యాంకర్లలో రసాయన వ్యర్థాలు తెచ్చి వాగుల్లో, ఖాళీ జాగాల్లో పారబోయడం ఇక్కడ పాత గోస. అడవి చుట్టూ గట్టి కంచె ఉంటే ట్యాంకర్ లోపలికి రాలేదు, రియల్టర్ బుల్డోజర్ రాలేదు. అటవీశాఖ కంచె అడగడంలో న్యాయం ఉంది. ఊళ్లలో కూడా చాలామంది ఇదే చెబుతారు.

కాబట్టి కంచె వద్దు అనేది మన వాదన కాదు. కాకపోతే ట్యాంకర్‌ను ఆపడానికి వేసిన కంచె మేకను కూడా ఆపుతుంది. రియల్టర్‌ను ఆపడానికి పెట్టిన కాపలాదారు కట్టెల మోపుతో వచ్చే ముసలమ్మను కూడా ఆపుతాడు. ట్యాంకర్ యజమానికి వెళ్లడానికి వేరే దారులున్నాయి. ముసలమ్మకు లేవు. కంచె అందరినీ సమానంగా ఆపినట్టు కనిపిస్తుంది, దాని బరువు మాత్రం సమానంగా పడదు.

నడిచేవారు, మేపేవారు

నేను పెరిగింది అడవి అంచున ఉన్న ఊళ్లో, మాదిగవాడలో. ఏ ఊరన్నది ఇక్కడ అనవసరం. సీతాఫలాల కాలంలో మా అమ్మ, పిన్నమ్మలు తెల్లారకముందే లేచి అడవికి పోయి, గంపలు నింపుకుని రోడ్డు మీద కూర్చునేవారు. నా పుస్తకాలు చాలా ఏళ్లు ఆ గంపల్లోంచే వచ్చాయి. ఒకసారి గార్డు గొడ్డలి గుంజుకుని, వారం తిప్పించుకుని, పైసలు తీసుకుని ఇచ్చాడు. ఆ గొడ్డలి ఖరీదు కంటే ఆ వారం కూలి ఎక్కువ. ఇన్నేళ్ల తర్వాత నగరంలో ఒక పార్కు గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికి నడుస్తుంటే, అటవీశాఖ వాళ్లే "రండి సార్" అన్నారు. అదే శాఖ, అదే ఖాకీ. మారింది నా బట్టలు, నేను అడవిలోకి వచ్చిన పని.

అడవిని రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఒకటి చూడటానికి, నడవడానికి, ఊపిరి పీల్చుకోవడానికి. ఇంకోటి బతకడానికి: మేత, ఎండు కట్టె, పండ్లు, ఆకులు, చీపురు పుల్లలు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా మేపడం, కొట్టడం నేరం. అర్బన్ పార్కు వచ్చాక మొదటి రకం వాడకానికి ట్రాక్, బెంచీ, వ్యూ పాయింట్ కడతారు. రెండో రకం వాడకం అక్రమ చొరబాటుగానే ఉండిపోతుంది. చూడటం హక్కు, బతకడం నేరం.

ఈ విభజనకు కులం పేరు పెట్టలేదు కాబట్టి ఇందులో కులం లేదని అనుకోవచ్చా? భూమి ఉన్నవాడికి మేత తన పొలం గట్టు మీద దొరుకుతుంది, కట్టె తన చెట్టు కింద దొరుకుతుంది. భూమి లేనివాడికే ఊరుమ్మడి భూములు కావాలి. తెలంగాణ పల్లెల్లో భూమి లేనివాళ్లు ఏ వాడలో ఎక్కువో వేరే చెప్పాలా? బంచరాయి, శిఖం, అడవి అంచు అనేవి దళితులకు, సంచార కులాలకు కాగితం లేని ఆస్తి. కంచె వేసినప్పుడల్లా తగ్గిపోయేది ఆ ఆస్తే. పరిహారం అడగడానికి పట్టా ఉండదు, కోర్టుకు పోవడానికి సర్వే నంబర్ ఉండదు.

అటవీ హక్కుల చట్టం, 2006 ఉంది కదా అనొచ్చు. ఆ చట్టం ఆదివాసీలతో పాటు "ఇతర సంప్రదాయ అటవీ నివాసులను" కూడా గుర్తించింది. అయితే వాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడి బతికామని రుజువు చూపాలి. అక్షరం దగ్గరికి రానివ్వని కులాలను 75 ఏళ్ల రుజువు అడగడం ఎంత న్యాయమో పాఠకులే చెప్పాలి. నగరం అంచున అడవికీ ఈ చట్టం ఉందన్న ఎరుక కూడా చాలా ఊళ్లలో లేదు.

నగరం లోపల ఏం జరిగిందో చూస్తే కాజీపల్లి రేపు ఎలా ఉండొచ్చో అర్థమవుతుంది. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు ఒకప్పుడు నిజాం వారసుడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఆవరణ. 1998లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఒక రాజవంశపు ఆవరణ ప్రజల పార్కు కావడం మంచి మార్పే. కానీ అక్కడ రోజూ తెల్లవారుజామున నడిచేది ఎవరు? పాసు కొనగలిగి, దగ్గర్లో ఇల్లు, కారు, తీరిక ఉన్నవాళ్లు. చుట్టుపక్కల బస్తీల్లో ఉంటూ ఆ ఇళ్లలోనే పని చేసే ఆడవాళ్లు సరిగ్గా అదే సమయానికి అంట్లు తోముతుంటారు. ఎవరూ ఎవరినీ గెంటలేదు. టికెట్, సమయం, దూరం అనే మూడే ఆ పని చేశాయి.

కాజీపల్లి చుట్టూ ఉన్నదేమిటి? కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, బొంతపల్లి పారిశ్రామిక ప్రాంతాలు. ఇరుకు గదుల్లో ఉంటూ షిఫ్టుల్లో పనిచేసే స్థానిక, వలస కార్మికులు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లకు ఆదివారం పూట కూర్చోవడానికి చెట్టు నీడ లేదు. ఇక్కడ పచ్చటి జాగా అందరికంటే ఎక్కువ అవసరం వాళ్లకే. పార్కు గేటు ఔటర్ రింగ్ రోడ్డు వైపు, పార్కింగ్ కార్ల లెక్కన, ప్రవేశం మనిషికి టికెట్ చొప్పున పెడితే అది నగరం నుంచి వచ్చేవారి పార్కు అవుతుంది. గేటు ఊరి వైపు పెట్టి, కార్మికవాడ నుంచి నడిచి వచ్చే దారి వేసి, ప్రవేశం ఉచితం చేస్తే అదే అడవి మన పార్కు అవుతుంది. ఇంజనీర్ గీసే ఒక గీత తేల్చే విషయమిది.

గాలి వాళ్లకు, చెత్త మనకు

ఈ పట్టీ ఇప్పటికే ఎంత చెల్లించిందో గుర్తు చేసుకోవాలి. 1990లోనే పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. నక్కవాగు వెంట పొలాలు పాడయ్యాయి, బోర్ల నీళ్లు తాగలేని స్థితి వచ్చింది, బయటి నుంచి తాగునీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ డాక్టర్ అల్లాని కిషన్ రావు ఏళ్ల తరబడి ఈ పోరాటాన్ని మోశారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థ శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అందులో ఉంది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని దేశంలోని అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది.

కాలుష్యం కూడా అందరి మీదా ఒకేలా పడదు. భూమి ఉన్న రైతుకు పంట నష్టానికి, ఎంత ఆలస్యంగానైనా, పరిహారం అడిగే దారి ఉంది. ఆ పొలంలో కూలి పోయిన దళిత స్త్రీకి పరిహారం లెక్కలో వరుస లేదు. చెరువులో చేపలు చస్తే మత్స్య సొసైటీ సభ్యుడి పేరు నమోదవుతుంది. ఆ చెరువులో బట్టలు ఉతికి, పశువులు కడిగి ఒళ్లంతా పుండ్లు పడ్డవారి పేరు ఎక్కడా ఎక్కదు.

ఇప్పుడు నల్లవల్లి చూడండి. హెటిరో దత్తత తీసుకున్న అడవికి ఆ ఊరి పేరే ఉంది. అదే గుమ్మడిదల మండలంలోని బొంతపల్లిలో ఆ సంస్థకు మందుల ఫ్యాక్టరీ ఉంది. ఫలానా వాగును ఫలానా కంపెనీయే పాడుచేసిందని నేను ఇక్కడ అనడం లేదు, అది తేల్చడానికి మండలులు, కోర్టులు ఉన్నాయి. నేను అడిగేది విధానం గురించి. ఒక పారిశ్రామిక పట్టీలో పరిశ్రమ అడవిని దత్తత తీసుకున్నప్పుడు, పర్యావరణం మీద ఆ పరిశ్రమకు ఉన్న చట్టబద్ధ బాధ్యత వేరు, ఈ దానం వేరు అని ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే పచ్చని బోర్డు ఒకటి ఎర్ర నీళ్లను కప్పేస్తుంది.

2025 ఫిబ్రవరిలో అదే నల్లవల్లి పక్కన ప్యారానగర్‌లో జీహెచ్‌ఎంసీ డంపింగ్ యార్డు పనులు మొదలుపెడితే చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి, రిలే దీక్షలు చేశాయి. అంటే నగరానికి ఆక్సిజన్ కావాలంటే ఈ ఊళ్ల అడవి కావాలి. నగరం చెత్త పడేయాలంటే మళ్లీ ఈ ఊళ్లే కావాలి. ఊరి చెత్త ఊరి బయట ఉన్న వాడ పక్కన పోయడం మనకు కొత్త కాదు. ఇప్పుడు నగరమే ఊరైంది, ఈ మండలాలన్నీ వాడగా మారాయి.

మహద్ చెరువు ఏం నేర్పింది

ప్రజల జాగాకు గేటు ఎవరిది అన్న ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. అసలు మన ఉద్యమం మొదలైందే ఆ ప్రశ్నతో. ప్రజాధనంతో నడిచే బావులు, చెరువులు, సత్రాలు అస్పృశ్యులకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. మహద్ మున్సిపాలిటీ కూడా 1924లో తన చెరువును తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, ఒడ్డు మీద తెరుచుకోలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగితే దాడులు జరిగాయి.

తర్వాత జరిగినదాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. అగ్రకులాల వాళ్లు కోర్టుకు వెళ్లారు. ఆ చెరువు ప్రైవేటు ఆస్తి అని కూడా అక్కడ వాదించారు. అది ప్రజలదైతే అందరినీ రానివ్వాలి కాబట్టి ప్రజలది కాదన్నారు. 1937లో బొంబాయి హైకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పదేళ్లు పట్టింది.

ఆ పోరాటపు సారమే రాజ్యాంగంలో 15(2) అధికరణం. పూర్తిగా గాని, పాక్షికంగా గాని ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజలందరి వాడకానికి అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే ప్రదేశాల విషయంలో కులం, మతం లాంటి కారణాలతో ఎవరికీ ఆటంకం ఉండకూడదని అది చెబుతుంది. "పాక్షికంగా గాని" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. దాత 2 కోట్లు ఇచ్చినా, 20 కోట్లు ఇచ్చినా ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ సిబ్బందితో నడిచే పార్కు ప్రజల ప్రదేశమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇంకో అడుగు వేసింది. ఉమ్మడి వనరులను ఇతరులతో సమానంగా వాడుకోకుండా దళితులను, ఆదివాసీలను అడ్డుకోవడం నేరమని చెప్పింది.

టికెట్ కులం అడగదు కదా అనే ప్రశ్న వస్తుంది. నిజమే, అడగదు. అయితే పైకి అందరికీ ఒకటేగా కనిపించే నియమం ఒక వర్గం మీదే బరువుగా పడితే అది కూడా వివక్షేనని సైన్యంలో మహిళా అధికారుల కేసులో 2021లో సుప్రీంకోర్టు అంగీకరించింది. ఆ తర్కాన్ని పార్కు గేటు దాకా తీసుకురావడం మన న్యాయ విద్యార్థుల పని.

కోర్టుల్లో మనకు పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. 2011లో జగ్పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని దేశంలోని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పులో ఒక మినహాయింపు ఉంది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల విషయం వేరని కోర్టు గుర్తించింది. ఉమ్మడి భూమిని కాపాడటం, అదే భూమి మీద పేదవాడి బతుకును కాపాడటం ఒకదానికొకటి శత్రువులు కావని దీని అర్థం. మన అధికారులు మొదటి సగం చదివి పేదల గుడిసెలు కూలుస్తారు, రెండో సగం చదవరు.

కంచ గచ్చిబౌలి తర్వాత

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విద్యార్థులు లాఠీలకు, అరెస్టులకు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. పచ్చటి భూమి కోసం ఇంతమంది గొంతెత్తడం మనందరికీ బలం. ఆ పోరాటంలో దళిత, బహుజన విద్యార్థులు ముందున్నారు.

అయితే ఆ గెలుపు నుంచి ఒక ప్రశ్న తీసుకోవాలి. అడవి మీద బుల్డోజర్ వస్తే అందరికీ కనిపిస్తుంది. కంచె, గేటు, బోర్డు వస్తే చప్పుడు ఉండదు. చెట్లు అక్కడే ఉంటాయి, నెమళ్లు అక్కడే ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. మాయమయ్యేది మనుషులు మాత్రమే. చెట్టు పోతే కదిలే మనం, చెట్టు కింది మనిషి పోతే కూడా కదలాలి. లేకపోతే మన పర్యావరణ ప్రేమ కూడా వాకింగ్ ట్రాక్ దగ్గరే ఆగిపోతుంది.

ఏం అడగాలి

కాజీపల్లి మీదే కాదు, రాష్ట్రంలో వందకు పైగా ఉన్న అర్బన్ ఫారెస్ట్ పార్కులన్నిటి దగ్గరా కొన్ని విషయాలు అడగాలి.

మొదటిది కాగితం. దాత ఏ షరతుల మీద ఇచ్చారు, ప్రభుత్వం ఏ షరతుల మీద తీసుకుంది, పేరు ఎన్నాళ్లు ఉంటుంది, నిర్వహణ ఖర్చు ఎవరిది? ఈ వివరాలన్నీ తెలుగులో ఊరి ఆఫీసు గోడ మీద పెట్టాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఇలాంటివి ఎవరూ అడగకముందే బయటపెట్టాల్సిన బాధ్యత శాఖదే.

రెండోది గేటు. చుట్టూ ఉన్న ఊళ్లకు, కార్మికులకు, ప్రభుత్వ బడుల, హాస్టళ్ల పిల్లలకు ప్రవేశం ఉచితం కావాలి. ఊరి వైపు కూడా ఒక గేటు, ఆదివారం పూర్తి రోజు ప్రవేశం, నడిచి వచ్చే దారి ఉండాలి.

మూడోది వాడకం. పార్కు కాని భాగంలో ఎండు కట్టె, సీతాఫలం, గడ్డి కోసుకెళ్లడానికి రోజులు నిర్ణయించి, పేద కుటుంబాలకు గుర్తింపు కార్డులు ఇవ్వాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 1990లలో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు ఇదే అటవీశాఖ ఊళ్లతో కలిసి అడవిని చూసుకుంటామని చెప్పింది. నగరం దగ్గరికి వచ్చేసరికి ఊరి స్థానంలో దాత వచ్చాడు. పార్కు నిర్వహణ కమిటీలో దళిత మహిళలకు స్థానం, తోటపని, కాపలా, క్యాంటీన్ పనుల్లో స్థానికులకు మొదటి అవకాశం ఉండాలి.

నాలుగోది నేల. పిల్లలు ఆడుకునే చోట మట్టిని, నీటిని ఏటా పరీక్షించి ఫలితాన్ని గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. పరిశ్రమల దత్తతలను కాలుష్య పరిహారం ఖాతాలో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. అడవికి దాతలు దొరికారు, మరి కాజీపల్లి చెరువును శుద్ధి చేసే బాధ్యత ఎవరిదో అదే వేదిక మీద చెప్పించాలి.

విద్యార్థులకు ఒక మాట. దీని మీద థీసిస్ రాయడం మంచిదే, నేనూ ఆ పనిలోనే ఉన్నాను. అంతకంటే ముందు ఒక ఆదివారం మీ జిల్లాలో ఉన్న అర్బన్ పార్కు గేటు దగ్గర రెండు గంటలు కూర్చోండి. లోపలికి ఎవరు వెళ్తున్నారో, గేటు దాకా వచ్చి ఎవరు వెనక్కి తిరుగుతున్నారో, అసలు ఎవరు ఆ దిక్కుకే రావడం లేదో రాసుకోండి. వెనక్కి తిరిగినవాళ్లతో మాట్లాడండి. సమాచార హక్కు దరఖాస్తు అక్కడే కూర్చుని రాయండి.

మహద్‌లో మున్సిపాలిటీ తీర్మానానికీ, చెరువు నీళ్లకూ మధ్య మూడేళ్లు గడిచాయి. ఆ దూరాన్ని కాళ్లతో నడిచినవాళ్లు తగ్గించారు. కాజీపల్లి గేటు దగ్గర కూడా అంతే. అడవి ప్రజలదని కాగితం మీద ఇప్పటికే రాసి ఉంది. అందులోకి నడవాల్సింది మనమే.